ఇంట్లో కాచే బీరు: మరిగించక ముందు 1.053, మరిగించాక 1.046! మధ్యలో చక్కెర ఎటు పోయింది?

కెటిల్_కిరణ్ | ప్లేనో, టెక్సాస్

అందరికీ నమస్కారం. ఇంట్లో బీరు చేసుకుంటాను. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాలు మానేసి ఈ మధ్యే ఆల్-గ్రెయిన్‌కి (గింజల నుంచే రసం తీయడం) మారాను. బీరు రుచికి వంక పెట్టడానికి లేదు కానీ అంకెలు మాత్రం నా బుర్ర తినేస్తున్నాయి. శనివారం చేసిన పేల్ ఏల్ వివరాలు ఇవీ.

11 పౌండ్ల టూ-రో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), అర పౌండు క్రిస్టల్ 40 (రంగు మాల్ట్). కూలర్‌లో (వేడి నిలిపే పెట్టెలో) మాష్, అంటే పిండి చక్కెరగా మారేలా వేడినీళ్ళలో నానబెట్టడం, 152 ఫారన్‌హీట్, గంటసేపు. బ్యాచ్ స్పార్జ్ చేశాక (ఇంకోసారి వేడినీళ్ళు పోసి మిగిలిన చక్కెర కడిగి లాగాక) కెటిల్‌లోకి (మరిగించే పాత్రలోకి) 7 గ్యాలన్లు వచ్చింది. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం మరిగించక ముందు గ్రావిటీ (నీళ్ళతో పోల్చిన సాంద్రత) 1.043 ఉండాలి, మరిగించాక 5.5 గ్యాలన్లు మిగిలి 1.054 దాకా రావాలి.

స్పార్జ్ నీళ్ళు కెటిల్‌లో పడటం అయిపోగానే కింద వాల్వ్ తిప్పి నాలుగు చుక్కలు పట్టాను. రిఫ్రాక్టోమీటర్ (చుక్కల్లో చక్కెర కొలిచే పరికరం) 13.2 బ్రిక్స్ (నూరు గ్రాముల్లో చక్కెర గ్రాములు) చూపించింది, అంటే దగ్గర దగ్గర 1.053. అనుకున్నదానికన్నా పది పాయింట్లు ఎక్కువ! గంట మరిగించి, చల్లార్చి, హైడ్రోమీటర్ (గ్రావిటీ చూపే, తేలే గాజు గొట్టం) వేస్తే 1.046. నీళ్ళు ఆవిరైతే చిక్కబడాలి కదండీ, పలచబడటమేంటి? ఇంట్లో ఆవిడైతే "మధ్యలో నువ్వే తాగేసి ఉంటావు" అని తేల్చేసింది. మీరేమంటారు?

---

ప్లేటో_పంతులు | మిల్వాకీ, విస్కాన్సిన్

కిరణ్ గారూ, నీళ్ళు ఆవిరవుతాయి కానీ చక్కెర ఆవిరవదు. ఆ ఒక్క సూత్రం పట్టుకుంటే దొంగ దొరుకుతాడు. గ్రావిటీలో దశాంశం తర్వాతి అంకెల్ని పాయింట్లు అనుకోండి. పాయింట్లని గ్యాలన్లతో గుణిస్తే మొత్తం చక్కెర. అది మరిగించక ముందూ, మరిగించాకా ఒక్కటే ఉండాలి.

మీ లెక్కలో ముందు 53 × 7 = 371. తర్వాత 46 × 5.5 = 253. అంటే 118 పాయింట్లు గాల్లో కలిసిపోయాయి. పొంగి స్టవ్ మీద పోతే తప్ప అది జరిగే పని కాదు. కాబట్టి మీరు రాసుకున్న నాలుగు అంకెల్లో కనీసం ఒకటి తప్పు. నాలుగూ తప్పయినా నేను ఆశ్చర్యపోను.

ఇంకోటి. మీ మాల్ట్‌లో ఉన్న మొత్తం చక్కెరే 424 పాయింట్ల దాకా ఉంటుంది (టూ-రో పౌండుకి 37, క్రిస్టల్ 34 చొప్పున). అందులో 371 రాబట్టారంటే 87 శాతం. కూలర్‌లో బ్యాచ్ స్పార్జ్‌కి, పైగా కొత్తగా చేసేవాళ్ళకి, అంత రావడం నమ్మబుద్ధి కావట్లేదు. ముందు ఈ నాలుగూ చెప్పండి: వాల్వ్ తిప్పేముందు కెటిల్ కలిపారా? హైడ్రోమీటర్ వేసినప్పుడు శాంపిల్ ఎంత వేడి? ఆ హైడ్రోమీటర్ ఏ ఉష్ణోగ్రతకి తయారైంది? 5.5 గ్యాలన్లు అన్నది మరుగుతున్నప్పుడు కొలిచిందా, చల్లారాకా?

---

లెక్కెందుకు_బాస్ | మెల్‌బోర్న్

బీరు అయిందా? అయింది. తాగితే బావుందా? బావుంటుంది. ఇంత టెన్షన్ ఎందుకు బ్రదర్?

---

కెటిల్_కిరణ్ | ప్లేనో, టెక్సాస్

పంతులు గారూ, కెటిల్ కలపలేదు. ధార పడుతుంటే దానంతట అదే కలిసిపోతుందనుకున్నాను. శాంపిల్ చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, థర్మామీటర్ పెడితే 100 ఫారన్‌హీట్. ఇక్కడ ఆగస్టులో కుళాయి నీళ్ళే స్నానానికి కాచినట్టు వస్తాయి, రాగి చుట్టలో ఎంతసేపు తిప్పినా అంతకన్నా దిగలేదు. హైడ్రోమీటర్ లోపలి కాగితం మీద చిన్న అక్షరాల్లో 60 ఫారన్‌హీట్ అని ఉంది. 5.5 గ్యాలన్లు స్టవ్ ఆపగానే స్టీలు గరిటె మీద గీతలు చూసి కొలిచింది.

---

మాల్ట్_మామ | రాలీ, నార్త్ కరోలినా

ఇంకేం కావాలి, దొంగలు ఒకరు కాదు ముగ్గురు!

మొదట ఆ 13.2 సంగతి. మొదటి రన్నింగ్స్ (స్పార్జ్‌కి ముందు దిగే రసం) చిక్కగా, బరువుగా ఉంటాయి. స్పార్జ్ చేసి తీసింది పలచన. పలచనిది మెల్లగా మీద పడితే మీదే తేలుతుంది, చిక్కనిది కింద పరుచుకుని ఉంటుంది. వాల్వ్ ఉండేది అడుగున. అంటే మీరు పట్టిన నాలుగు చుక్కలూ మొదటి రన్నింగ్స్ వాటా ఎక్కువున్న అడుగు వర్ట్ (పులియక ముందటి తీపి రసం). పొడుగాటి గరిటెతో అడుగు నుంచి పైకి ఓ నిమిషం గట్టిగా కలిపి చూడండి, పైనా కిందా ఒకే అంకె వస్తుంది. నేనైతే మరుగు మొదలవడానికి కాస్త ముందు, కెటిల్ దానంతట అదే కదులుతున్నప్పుడు తీస్తాను. అప్పుడు గరిటె పని కూడా తక్కువ.

రెండోది వేడి. 60 డిగ్రీల హైడ్రోమీటర్‌ని 100 డిగ్రీల వర్ట్‌లో వేస్తే దాదాపు 6 పాయింట్లు తక్కువ చూపిస్తుంది. వేడికి వర్ట్ వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది, గాజు గొట్టం ఇంకాస్త లోపలికి మునుగుతుంది. మీ 1.046 అసలు 1.052.

మూడోది గ్యాలన్లు. నీళ్ళు మరిగే వేడిలో చల్లటి నీళ్ళకన్నా 4 శాతం ఎక్కువ చోటు తీసుకుంటాయి. మీ వేడి 5.5 చల్లారితే 5.3. మరిగించక ముందు 7 కూడా స్పార్జ్ వేడిలో కొలిచి ఉంటారు, అక్కడో 2 శాతం తగ్గించుకోవాలి.

---

ప్లేటో_పంతులు | మిల్వాకీ, విస్కాన్సిన్

మామ చెప్పినదానికి ఒక సవరణ. వేడికి దిద్దుబాటు పట్టిక ఉంది కదా అని మరుగుతున్న వర్ట్‌లో హైడ్రోమీటర్ ముంచకండి. 80 ఫారన్‌హీట్‌లో దిద్దుబాటు 2 పాయింట్ల పైచిలుకు, 100లో 6, 150లో దాదాపు 19. పైకి పోయేకొద్దీ ఒక్కో డిగ్రీ తేడాకి పాయింటు ఎక్కువ మారుతుంది. 150 దగ్గర మీ థర్మామీటర్ మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే దాదాపు ఒక పాయింటు తప్పు. పైగా గొట్టంలో పోసిన శాంపిల్ మీరు చూస్తుండగానే చల్లబడుతూ ఉంటుంది, మీరు రాసుకున్న వేడికీ, చూసిన అంకెకీ పొంతన ఉండదు. హఠాత్తుగా వేడి తగిలితే గాజు చిట్లడం, లోపలి కాగితం జారడం కూడా ఉన్నాయి.

నా పద్ధతి చెప్తాను. మన ఇళ్ళలో ఉండే స్టీలు గ్లాసులో శాంపిల్ పట్టి, మీద చిన్న ప్లేటు మూసి, ఐస్ నీళ్ళ గిన్నెలో కూర్చోబెడతాను. స్టీలు కాబట్టి గబగబా చల్లబడుతుంది. మూత ఎందుకంటే ఆవిరి పోతే శాంపిల్ చిక్కబడి గ్రావిటీ ఎక్కువ చూపిస్తుంది. మూతకి అంటిన చెమటని మళ్ళీ గ్లాసులోకే దులిపి, చెంచాతో తిప్పి, అప్పుడు గొట్టంలో పోస్తాను. హైడ్రోమీటర్‌ని వేళ్ళతో చిన్నగా గిర్రున తిప్పి వదిలితే గోడకి అంటుకోకుండా మధ్యలో నిలుస్తుంది. కన్ను ద్రవం మట్టానికి దించి, గాజు వెంట పైకి పాకిన అంచుని కాక, అడుగు గీతని చదవాలి.

---

హాప్స్_హరిత | ఎడిసన్, న్యూజెర్సీ

కిరణ్ గారూ, ఆ హైడ్రోమీటర్‌ని ఎప్పుడైనా డిస్టిల్డ్ వాటర్‌లో వేసి చూశారా? వాల్‌మార్ట్‌లో గ్యాలన్ డబ్బా దొరుకుతుంది. 60 డిగ్రీలకి తెచ్చి వేస్తే కచ్చితంగా 1.000 చూపించాలి. నాది మొదటిది సున్నా దగ్గర సరిగ్గానే ఉండేది, పైన తేడా కొట్టేది. కాబట్టి చక్కెర నీళ్ళలో కూడా చూడండి. 10 గ్రాముల పంచదార, 90 గ్రాముల నీళ్ళు, కప్పులతో కాదు, త్రాసు మీద తూచి. అది 10 బ్రిక్స్, అంటే 1.040. రిఫ్రాక్టోమీటర్‌కి కూడా అదే పరీక్ష. రెండూ ఒకే నీళ్ళతో చూస్తే ఏది అబద్ధమాడుతోందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

---

కెటిల్_కిరణ్ | ప్లేనో, టెక్సాస్

హరిత గారూ, మీరు చెప్పినట్టే చేశాను. డిస్టిల్డ్ వాటర్‌లో 0.998. పంచదార నీళ్ళలో 1.038. అంటే రెండు చోట్లా 2 పాయింట్లు తక్కువ! రిఫ్రాక్టోమీటర్ మాత్రం పంచదార నీళ్ళకి చక్కగా 10 చూపించింది.

ఇంకో మంచి మాట. బ్రూ డే నాడు మిగిలిన శాంపిల్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను, యీస్ట్ కలపక ముందుది. దాన్ని తీసి 60కి తెచ్చి వేస్తే 1.052 చూపించింది. రెండు కలిపితే 1.054.

---

మాల్ట్_మామ | రాలీ, నార్త్ కరోలినా

హహ, చూశావా తమ్ముడూ! సాఫ్ట్‌వేర్ చెప్పిన అంకె దగ్గరికే దిగావు. 46కి వేడి 6, కాగితం జారుడు 2 కలిపితే 54. నువ్వు ఏడ్చిన పాయింట్లన్నీ గ్లాసులోనే ఉన్నాయి.

ఆ 2 పాయింట్ల తేడా సున్నా దగ్గరా, 40 దగ్గరా ఒకేలా ఉంది కాబట్టి లోపలి కాగితం జారినట్టే లెక్క. హైడ్రోమీటర్ పారేయకు. డబ్బా మీద మార్కర్‌తో "+2" అని రాసి పెట్టుకో.

---

ప్లేటో_పంతులు | మిల్వాకీ, విస్కాన్సిన్

ఇప్పుడు మళ్ళీ గుణిద్దాం. 54 × 5.3 = 286. మరిగించక ముందు చల్లటి లెక్కలో 6.86 గ్యాలన్లు, 286ని దాంతో భాగిస్తే 41.7. అంటే బాగా కలిపి తీసి ఉంటే రిఫ్రాక్టోమీటర్ 10.8 దరిదాపుల్లో చూపించేది. 13.2 అన్నది అడుగు మందమే.

ఎఫిషియెన్సీ (మాల్ట్‌లోని చక్కెరలో రాబట్టిన వాటా) 286/424, అంటే 67 శాతం. గ్రావిటీ అందింది కానీ బీరు 0.2 గ్యాలన్ తగ్గింది. మొదట చూసినట్టు 87 శాతం అనుకుని వచ్చేసారి మాల్ట్ తగ్గించి ఉంటే నీళ్ళ బీరు తాగాల్సి వచ్చేది. అసలు నష్టం అక్కడ ఉంటుంది. ఒక్క తప్పు అంకె ఈ బ్యాచ్‌ని ఏమీ చేయదు, దాన్ని నమ్మి దిద్దుకున్న తర్వాతి రెసిపీలన్నిటినీ పాడుచేస్తుంది. బాస్ గారి "లెక్కెందుకు" ప్రశ్నకి నా జవాబు కూడా ఇదే.

---

లెక్కెందుకు_బాస్ | మెల్‌బోర్న్

సరే పంతులు గారూ, ఒప్పుకున్నా. కానీ నేను మాల్ట్ ఎప్పుడూ తగ్గించను, పెంచడమే 😄

---

కెటిల్_కిరణ్ | ప్లేనో, టెక్సాస్

67 నుంచి 75కి వెళ్ళాలంటే మాల్ట్ ఇంకా మెత్తగా పట్టించాలా? షాపు వాళ్ళే మిల్లులో వేసి ఇచ్చారు.

---

ప్లేటో_పంతులు | మిల్వాకీ, విస్కాన్సిన్

మిల్లు మీద పడేముందు లోపం ఎక్కడుందో కొలవండి. దీనికి గ్రావిటీ రీడింగే ఆయుధం. మీ 5.2 కిలోల మాల్ట్‌కి మాష్‌లో నీళ్ళు ఎన్ని పోశారు? 4 గ్యాలన్లు అనుకుంటే 15 లీటర్లు, కిలోకి 2.9 లీటర్లు. పిండి మొత్తం చక్కెరగా మారిపోతే ఆ మందంలో వర్ట్ 20–21 ప్లేటో (బ్రిక్స్ లాంటి కొలతే) ఉండాలి. మాష్ ముగిశాక, స్పార్జ్ నీళ్ళు ఒక్క చుక్క కూడా పడకముందు, కూలర్‌లో బాగా కలిపి తీసిన శాంపిల్ చూడండి. 20 దాటితే మాష్‌లో జరగాల్సింది జరిగినట్టే, చక్కెర గింజల్లో ఇరుక్కుని కూలర్‌లోనే ఉండిపోతోంది. అప్పుడు స్పార్జ్ నీళ్ళు పోశాక కలపడం, కూలర్ అడుగున మిగిలిపోయే వర్ట్ చూసుకోవాలి. 17, 18 దగ్గరే ఉంటే నలగని గింజలున్నాయి, లేదా మాష్ వేడి, పీహెచ్, సమయం చూసుకోవాలి. అప్పుడు మిల్లు సంగతి అడుగుదాం.

ఈ శాంపిల్‌కి రిఫ్రాక్టోమీటరే బెస్ట్. హైడ్రోమీటర్‌కి గొట్టం నింపాలంటే చాలా వర్ట్ పడుతుంది, దానికి రెండు చుక్కలు చాలు.

---

హాప్స్_హరిత | ఎడిసన్, న్యూజెర్సీ

రిఫ్రాక్టోమీటర్ మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. కొత్త థ్రెడ్ తెరవాలా? ఇక్కడే అడిగేస్తా. నా అంబర్ ఏల్ ఓజీ (పులియక ముందు గ్రావిటీ) 1.050. యూఎస్-05 యీస్ట్ వేశాను. నురగ అంతా కూలిపోయి, ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి పోయే బుడగల మూత) కూడా సద్దుమణిగింది. రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 6.5 బ్రిక్స్. అంటే 1.026! అక్కడే ఆగిపోయింది, మూడు రోజుల తర్వాత చూసినా అదే. ఇంకో ప్యాకెట్ యీస్ట్ వేయనా? వేడి పెంచనా?

---

మాల్ట్_మామ | రాలీ, నార్త్ కరోలినా

అమ్మా హరితా, ఆగు ఆగు. ప్యాకెట్ చింపకు.

రిఫ్రాక్టోమీటర్ కొలిచేది వెలుతురు ఎంత వంగిందో. చక్కెర నీళ్ళలో అయితే ఆ వంపు చూసి చక్కెర ఎంతో చెప్పేయొచ్చు. ఆల్కహాల్ చేరాక అదీ వెలుతురుని వంచుతుంది. అందుకని పులిసిన బీరులో అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. దానికి దిద్దుబాటు సూత్రాలున్నాయి, ఓజీ కూడా ఇస్తే లెక్కేస్తాయి. షాన్ టెరిల్ సూత్రం చాలా కాలిక్యులేటర్లలో ఉంటుంది. నీ అంకెలు అందులో వేశాను: 12.4 ప్లేటో నుంచి 6.5 బ్రిక్స్‌కి వస్తే అసలు ఎఫ్‌జీ (పులిశాక గ్రావిటీ) 1.012.

యూఎస్-05 చేయాల్సిన పని చేసేసింది. ఇప్పుడు ఇంకో ప్యాకెట్ వేసినా చేయడానికి దానికి పనేమీ లేదు.

---

పోర్టర్_ప్రసాద్ | లీడ్స్, ఇంగ్లండ్

మామ గారి లెక్కలో 6.5ని 1.04తో భాగించి వేశారు కదా? వర్ట్‌లో ఉండేది మాల్టోజ్ వగైరా, ఆ పరికరం తయారైంది పంచదార కోసం. అందుకని వర్ట్ రీడింగ్‌ని 1.04 దరిదాపు సంఖ్యతో భాగించాలి. ఆ సంఖ్య పరికరానికీ, చదివే కంటికీ తగ్గట్టు కొంచెం మారుతుంది. హైడ్రోమీటర్‌తో పక్కపక్కన పెట్టి చూసి ఎవరిది వాళ్ళు కనుక్కోవడం మంచిది.

---

మాల్ట్_మామ | రాలీ, నార్త్ కరోలినా

భాగించాను సార్. 6.25.

---

హాప్స్_హరిత | ఎడిసన్, న్యూజెర్సీ

హమ్మయ్య! హైడ్రోమీటర్ వేసి చూశాను. మొదట 1.015 దగ్గర నిలిచింది, ఓ రెండు నిమిషాలు చూస్తుంటే ఇంకా పైకి లేస్తోంది. టెరిల్ 1.012 అంటున్నాడు కదా, ఎవరిని నమ్మాలి?

---

స్టీల్‌ట్యాంక్_శ్రీను | హైదరాబాద్

అక్కా, గాజు గొట్టం దగ్గరగా చూడండి. బల్బు చుట్టూ సన్నటి బుడగలు ముత్యాల్లా అంటుకుని ఉంటాయి. అది కార్బన్ డయాక్సైడ్. ఆ బుడగలే హైడ్రోమీటర్‌ని పైకి మోస్తున్నాయి. గ్యాస్ తీసేయాలి. ఫిల్టర్ కాఫీ తిరగబోసినట్టు రెండు గ్లాసుల్లో అటూ ఇటూ పోయండి, నురగ రావడం ఆగేదాకా. కాసేపు అలా వదిలేసి, అప్పుడు కొలవండి.

నేను ఇక్కడ ఒక మైక్రోబ్రూవరీలో పనిచేస్తాను. మాకు రోజూ ఇదే పని. ట్యాంకు నుంచి తీసిన శాంపిల్ బాగా కుదిపి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టి, 20 డిగ్రీలకి తెచ్చి ప్లేటోలో చదువుతాం. మా దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. ఎండాకాలం గదిలో నీళ్ళే 32, 33 డిగ్రీలుంటాయి. గది ఉష్ణోగ్రతకి చల్లార్చాం కదా అని కొలిచేస్తే 3 పాయింట్లు గల్లంతు.

---

హాప్స్_హరిత | ఎడిసన్, న్యూజెర్సీ

తిరగబోశాక 1.012! సరిగ్గా టెరిల్ లెక్కే. శ్రీనూ, థాంక్యూ. ఆ శాంపిల్ మళ్ళీ ఫెర్మెంటర్‌లో (బీరు పులిసే పాత్రలో) పోసేయొచ్చా?

---

మాల్ట్_మామ | రాలీ, నార్త్ కరోలినా

వద్దమ్మా. అన్ని గ్లాసులు తిరిగి, గాలి తగిలి వచ్చింది అది. తాగేయ్. గ్యాస్ లేకపోయినా బీరు ఎటు పోతోందో నాలుక్కి తెలుస్తుంది.

సీసాల్లో నింపేముందు ఇంకో రెండు మూడు రోజులు ఆగి మళ్ళీ చూడు. అదే అంకె వస్తేనే నింపు. చక్కెర మిగిలి ఉండగా ప్రైమింగ్ షుగర్ (సీసాలో గ్యాస్ కోసం వేసే చక్కెర) కూడా వేసి బిగిస్తే సీసాలు పేలతాయి. సైసన్ యీస్ట్‌లలో కొన్ని డయాస్టాటికస్ రకాలున్నాయి, అవి ఆగినట్టే ఆగి, మిగిలిన డెక్స్‌ట్రిన్లు (మామూలు యీస్ట్ తినలేనివి) కూడా మెల్లగా తింటూ పోతాయి. వాటి దగ్గర ఇంకాస్త ఓపిక పట్టాలి.

---

పోర్టర్_ప్రసాద్ | లీడ్స్, ఇంగ్లండ్

ఒక పక్కదారి, నిర్వాహకులు మన్నించాలి. ఈ హైడ్రోమీటర్ గొడవ మనతో మొదలైంది కాదు. 18వ శతాబ్దం చివర్లో, 1784లో, జాన్ రిచర్డ్‌సన్ అనే ఆయన ఇంగ్లండ్ బ్రూవర్లకి శాకరోమీటర్ (నాటి హైడ్రోమీటర్) వాడకం నేర్పుతూ రాశాడు. అప్పటిదాకా మాల్ట్‌ని బస్తా లెక్కన కొనడమే, అందులోంచి ఎంత సారం దిగుతోందో కొలిచేవాళ్ళు తక్కువ. కొలవడం మొదలయ్యాక తెలిసిందేమిటంటే, పోర్టర్ (ముదురు రంగు బీరు) కోసం వాడే బ్రౌన్ మాల్ట్ చవకే కానీ సారం తక్కువ, పేల్ మాల్ట్ ఖరీదెక్కువైనా పెట్టిన డబ్బుకి ఎక్కువ దిగుతుంది. దాంతో పోర్టర్‌లో పేల్ మాల్ట్ పెరిగింది, రంగు తగ్గింది. ఆ రంగు కోసం తంటాలు పడి, చివరికి 1817లో డేనియల్ వీలర్ నల్లగా వేయించిన మాల్ట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ స్టౌట్‌లో మనం వేసే బ్లాక్ పేటెంట్ మాల్ట్ పేరు వెనక కథ అది. ఒక చిన్న పరికరం బీరు రెసిపీనే మార్చేసింది.

---

నిర్వాహకుడు

పక్కదారి బావుంది ప్రసాద్ గారూ, ఉంచేస్తున్నాను.

ఇన్‌బాక్స్‌లో ఇండియా నుంచి కొందరు "ఇంట్లో చేసుకోవచ్చా" అని అడుగుతున్నారు, ఇక్కడే చెప్పేస్తే సరి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల ఫెడరల్ స్థాయిలో ఇంటి అవసరానికి బీరు చేసుకోవచ్చు. ఏడాదికి ఒక్కరికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే 200, అమ్మకూడదు. రాష్ట్రాల్లో మిసిసిపి, అలబామా 2013 దాకా ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో లైసెన్స్ లేకుండా చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. శ్రీను గారిది లైసెన్స్ ఉన్న బ్రూవరీలో ఉద్యోగం. మిగతావాళ్ళు చదివి ఆనందించండి.

---

కెటిల్_కిరణ్ | ప్లేనో, టెక్సాస్

ఫెర్మెంటర్‌లో పడేసి ఫోన్‌లో గ్రావిటీ చూసుకునే తేలే మీటర్లు ఉన్నాయి కదా. అవి కొంటే ఈ గ్లాసులూ ఐసూ అన్నీ తప్పుతాయా?

---

మాల్ట్_మామ | రాలీ, నార్త్ కరోలినా

తప్పవు. అవి ఎంత కోణంలో వాలాయో చూసి గ్రావిటీ లెక్కేస్తాయి. మీద యీస్ట్ బురద అంటుకున్నా, హాప్ (బీరులో చేదుకీ వాసనకీ వేసే పూలు) ముక్క తగులుకున్నా వాలు మారిపోతుంది. నా దగ్గర ఉన్నదాని మీద డ్రై హాప్ (మరిగించకుండా ఫెర్మెంటర్‌లోనే హాప్స్) వేసినప్పుడల్లా గ్రాఫ్ గంతులేస్తుంది. కానీ పులియడం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు నెమ్మదించింది, గీత ఎప్పుడు చదునైంది అన్నది మూత తీయకుండా తెలుస్తుంది. దానికి మాత్రం బంగారం. ఓజీకీ, ఎఫ్‌జీకీ మాత్రం గాజు గొట్టమే. డబ్బులుంటే ఎఫ్‌జీ కోసం 0.990 నుంచి 1.020 దాకా మాత్రమే ఉండే సన్నటి హైడ్రోమీటర్ ఒకటి కొను. గీతల మధ్య దూరం ఎక్కువ, అర పాయింటు కూడా కనిపిస్తుంది.

ఏది కొన్నా రెండు కొను. హైడ్రోమీటర్ పగిలేది ఎప్పుడూ బ్రూ డే నాడే.

---

ప్లేటో_పంతులు | మిల్వాకీ, విస్కాన్సిన్

గాజు గొట్టం మీద కూడా నమ్మకం లేనివాళ్ళకి ఇంకో దారి: తూకం. 100 మిల్లీలీటర్ల గీత ఉన్న వాల్యూమెట్రిక్ ఫ్లాస్కు, 0.1 గ్రాము చూపించే త్రాసు చాలు. ఖాళీ ఫ్లాస్కు తూచండి. 20 సెల్సియస్‌లో డిస్టిల్డ్ వాటర్ గీత దాకా పోసి తూచండి, ఖాళీ బరువు తీసేస్తే 99.8 గ్రాములు రావాలి. ఫ్లాస్కు ఆరబెట్టి, అదే వేడిలో వర్ట్ పోసి తూచండి. 105.2 వచ్చిందనుకోండి, 99.8తో భాగిస్తే 1.054. కాగితం జారడం, కంటి ఎత్తు గొడవలు లేవు. మెడ దగ్గర బుడగ లేకుండా, బయట తడి తుడిచి తూచాలి, ఎందుకంటే 0.1 గ్రాము తేడా వస్తే ఒక పాయింటు తేడా. బ్రూ డే హడావిడిలో నేను ఇది చేయను. కొత్త హైడ్రోమీటర్ వచ్చినప్పుడు దాని నిజాయితీ చూడటానికి మాత్రం వాడతాను.

---

కెటిల్_కిరణ్ | ప్లేనో, టెక్సాస్

ఈ ఆదివారం మళ్ళీ చేశాను, అదే రెసిపీ. స్పార్జ్‌కి ముందు మాష్ శాంపిల్ కలిపి తీస్తే, 1.04తో భాగించాక 20.4 ప్లేటో. అంటే మాష్ తప్పేం లేదు, మిల్లు జోలికి వెళ్ళలేదు. స్పార్జ్ నీళ్ళు పోశాక ఈసారి అడుగు దాకా కలిపి, పది నిమిషాలు ఆగి, వాల్వ్ పూర్తిగా తిప్పకుండా మెల్లగా వదిలాను. కూలర్‌ని చివర్లో ఓ పక్కకి వంచి మిగిలింది కూడా లాగాను. కెటిల్ కలిపి తీసిన శాంపిల్ 11.8 బ్రిక్స్, అంటే 11.3 ప్లేటో. మరిగించాక చల్లటి లెక్కలో 5.4 గ్యాలన్లు, హైడ్రోమీటర్ 1.056, దానికి 2 కలిపి 1.058. ముందూ వెనకా పాయింట్లు గుణిస్తే రెండూ 313 దగ్గరే. 74 శాతం!

శాంపిల్ చల్లార్చడానికి స్టీలు గ్లాసు, ఐస్ గిన్నె. కెటిల్ చల్లార్చడానికి మాత్రం కుళాయి నీళ్ళతో 100 దాకా దించి, తర్వాత బకెట్‌లో ఐస్ వేసి చిన్న పంపుతో ఆ నీళ్ళే రాగి చుట్టలో తిప్పాను.

---

మాల్ట్_మామ | రాలీ, నార్త్ కరోలినా

శభాష్. ఇప్పుడు రెసిపీలో ఎఫిషియెన్సీ 74 అని మార్చుకో. ఒక్క బ్యాచ్ చూసి కాదు, వచ్చేసారి కూడా ఆ చుట్టుపక్కలే వస్తే.

---

లెక్కెందుకు_బాస్ | మెల్‌బోర్న్

అందరూ ఫారన్‌హీట్‌లోనే మాట్లాడుతున్నారు. మా వైపు హైడ్రోమీటర్లు 20 సెల్సియస్‌వి. ఎవరైనా ఆ దిద్దుబాటు అంకెలు పెడతారా? (అడుగుతున్నది నేనే, నవ్వకండి.)

---

ప్లేటో_పంతులు | మిల్వాకీ, విస్కాన్సిన్

నవ్వను బాస్, రాసుకోండి. 20 సెల్సియస్ హైడ్రోమీటర్‌కి: 25 దగ్గర 1 పాయింటు కలపాలి, 30 దగ్గర రెండున్నర, 35 దగ్గర 4, 40 దగ్గర 6. ఫ్రిజ్‌లోంచి తీసిన శాంపిల్ 10 దగ్గర ఉంటే ఒకటిన్నర తీసేయాలి. 40 దాటితే కలపడాలు, తీయడాలు వద్దు, చల్లార్చుకోండి.

---

స్టీల్‌ట్యాంక్_శ్రీను | హైదరాబాద్

కొనేముందు గొట్టం లోపలి కాగితం మీద 20 సెల్సియసా, 60 ఫారన్‌హీటా చూసుకోండి బాస్. ఆన్‌లైన్‌లో రెండు రకాలూ ఒకే ఫొటోతో అమ్ముతున్నారు. రెండింటికీ మధ్య తేడా ఒక పాయింటు లోపే, కానీ పట్టిక మారిపోతుంది.